మిగలపండిన పండ్లకు ఓవెన్ ఎంతవరకు పనికొస్తుంది: 28 లీటర్ల ఓటీజీపై సమీక్ష

పుట్టినరోజు కేకుల కోసమో, పిల్లల బిస్కెట్ల కోసమో కాకుండా, ఇంట్లో మిగలపండిన పండ్లను పారేయకుండా వాడుకోవడానికి ఓవెన్ కొనడం సమంజసమేనా అని ఆలోచిస్తున్నవారి కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. నేను వాడుతున్నది 1500 వాట్ల సామర్థ్యం గల 28 లీటర్ల ఓటీజీ, అంటే ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడు పనులూ చేసే కరెంటు ఓవెన్. నెల్లూరు ట్రంకురోడ్డులో కొన్నది. ఈ పరిమాణంలో చాలా కంపెనీలు ఓవెన్లు తయారుచేస్తున్నాయి. లోపలి అమరికలో వాటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు: పైన కడ్డీలు, కింద కడ్డీలు, ఉష్ణోగ్రతకు ఒక నాబ్, ఏ కడ్డీలు వెలగాలో నిర్ణయించడానికి ఒకటి, సమయానికి మరొకటి. అందువల్ల కంపెనీ పేరు ప్రస్తావించకుండా, ఈ రకం ఓవెన్ మన ప్రాంతపు పండ్లతో ఎలా పనిచేస్తుందన్నదే ఇక్కడ వివరిస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పడం మంచిది. అరటికీ సపోటాకూ ఇది పెట్టిన డబ్బుకు తగిన పని చేస్తుంది. మామిడికి సగమే పనికొస్తుంది. మీ ఇంట్లో ఎక్కువగా మిగిలేవి బొప్పాయి, సీతాఫలం అయితే మాత్రం దీన్ని కొనవలసిన అవసరం లేదు.

మా వైపు ఇళ్లలో పండ్లు మిగిలిపోవడానికి ఒక వరస ఉంది, ఓవెన్ అవసరాన్ని ఆ వరసను బట్టే అంచనా వేయాలి. కావలి నుంచి ఒంగోలు వైపు జాతీయ రహదారి మీద వెళ్తే ఉలవపాడు దగ్గర రోడ్డు పక్కన మామిడి, సపోటా గుట్టలు పోసి అమ్ముతుంటారు. అక్కడ ఆగి బుట్టెడు కాయలు కొనకుండా ఇంటికి వచ్చే కుటుంబాలు తక్కువ. ఏప్రిల్, మే నెలల ఎండకు ఆ బుట్టలోని కాయలన్నీ ఒక్కసారిగా మాగుతాయి. శ్రావణమాసంలో పేరంటాలకు వెళ్లివచ్చిన ఆడవాళ్ల చేతిలో తాంబూలంతో పాటు అరటిపండ్లు ఉంటాయి. ఇంట్లో అత్తా కోడళ్లు, తోడికోడళ్లు ఉంటే శుక్రవారం రాత్రికి పళ్లెం నిండిపోతుంది. కార్తీకమాసంలో గుడి నుంచి, సత్యనారాయణ వ్రతాల నుంచి వచ్చేవీ అరటిపండ్లే. వ్రతం చేసుకున్న ఇంట్లోనైతే అత్తాలకు అత్తాలు మిగిలిపోతాయి. ప్రసాదంగా వచ్చిన పండును పారేయడానికి మనసొప్పదు, తినడానికి మనుషులు చాలరు. రెండు మూడు రోజుల్లో తొక్క నల్లబడి చిన్న ఈగలు ముసురుతాయి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ప్రచురించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచవ్యాప్తంగా వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం వృథా అయింది ఇళ్లలోనే. హోటళ్ల కంటే, దుకాణాల కంటే మన వంటిళ్ల వాటాయే పెద్దదన్న ఆ లెక్క నన్ను నిజంగా బాధపెట్టింది.

మాగిన పండును వాడుకోవడానికి మన ఇళ్లలో పాత మార్గాలు లేకపోలేదు. అరటిపండును బెల్లంతో, గోధుమపిండితో కలిపి నూనెలో వేసే అప్పాలు, మామిడి రసాన్ని చాప మీద పొరలు పొరలుగా ఎండబెట్టే తాండ్ర, ఈ రెండూ రుచిలో దేనికీ తీసిపోవు. అయితే అప్పాలకు నూనె ఎక్కువ పడుతుంది, పొయ్యి దగ్గర నిలబడే సమయమూ ఎక్కువే. తాండ్రకు ఎండ కావాలి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరప్రాంతంలో గట్టి వానలు కురిసేది ఈశాన్య రుతుపవనాల కాలంలో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సరిగ్గా కార్తీకమాసపు అరటిపండ్లు ఇంట్లో పేరుకునే రోజుల్లో. మేడమీద ఏదీ ఎండని ఆ నెలల్లోనే ఓవెన్‌కు అసలైన పని దొరుకుతుంది.

ఓవెన్ మంచిచెడ్డలన్నీ మిగలపండిన పండు స్వభావంతో ముడిపడి ఉన్నాయి కాబట్టి ముందు దాని గురించి కొంత చెప్పాలి. పచ్చి అరటికాయ గుజ్జులో దాదాపు ఐదో వంతు పిండిపదార్థమే. పండేకొద్దీ కాయలోని ఎంజైములు దాన్ని చక్కెరలుగా మారుస్తాయి. తొక్క మీద నల్లమచ్చలు బాగా పడేనాటికి పిండిపదార్థం ఒకటి రెండు శాతానికి పడిపోతుంది. గుజ్జు మెత్తబడి, చెంచాతో నొక్కగానే జారిపోతుంది, వాసన చిక్కబడుతుంది. ఒలుచుకుని తినేవారికి ఇవి లోపాలుగా కనిపిస్తాయి కానీ, పిండిలో కలిపి కాల్చేవారికి ఇవే కావలసిన గుణాలు. పంచదార తగ్గించవచ్చు, నూనె కొంత తగ్గించవచ్చు, ఒక గుడ్డుకు బదులు సుమారు 60 గ్రాముల గుజ్జు వేసి గుడ్డును మానేయవచ్చు. కార్తీకమాసం నెలంతా నీసు ముట్టని ఇళ్లకు ఈ చివరిది ఎంతగానో కలిసివస్తుంది.

ఓవెన్‌కు పరీక్ష పెట్టేది కూడా ఆ గుజ్జే. అందులో నీరు ఎక్కువ, చక్కెర ఎక్కువ. నీరు ఎక్కువ కావడం వల్ల మధ్యభాగం ఉడకడానికి మామూలు కేకు కంటే ఎక్కువసేపు పడుతుంది. పండ్లలో ఉండే ఫ్రక్టోజు అనే చక్కెర మామూలు పంచదార కంటే త్వరగా రంగు తిరుగుతుంది కాబట్టి పైభాగం తొందరగా ముదురుతుంది. చిన్న ఓవెన్లో పై కడ్డీలకూ కేకు టిన్ను అంచుకూ మధ్య ఉండే దూరం చాలా తక్కువ. పైన మాడి, మధ్యలో జావగా మిగిలిన కేకు ఒకటి రెండుసార్లు చేతికి వచ్చేసరికి చాలామంది ఓవెన్‌ను అట్టపెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కిస్తారు. తప్పు పండుది కాదు, ఆ ఇల్లాలిదీ కాదు. ఈ పిండికి వేడి ఏ వైపు నుంచి ఎంతసేపు అందాలో ఓవెన్‌తో వచ్చే చిన్న పుస్తకంలో ఎక్కడా ఉండదు. అందులో ఉన్న వంటకాలన్నీ మైదా, వెన్న, పంచదార లెక్కలతో రాసినవే.

28 లీటర్ల ఓవెన్‌ను నేను మెచ్చుకునేది ఇక్కడే. కింది కడ్డీలను మాత్రమే వెలిగించుకునే వీలు ఇందులో ఉంది. టిన్నును కింది మెట్టు మీద పెడితే పైన తగినంత ఖాళీ కూడా మిగులుతుంది. పావుగంట సేపు రెండు వైపులా కడ్డీలు వెలిగించి ఖాళీ ఓవెన్‌ను బాగా వేడెక్కనివ్వాలి. టిన్ను లోపల పెట్టాక కింది కడ్డీలతోనే 35 నుంచి 40 నిమిషాలు కాల్చి, చివరి పది పదిహేను నిమిషాలకు మాత్రం పై కడ్డీలు కూడా కలిపితే, లోపల పూర్తిగా ఉడికి పైన తేనెరంగు తిరిగిన కేకు వస్తుంది. అప్పటికీ పైభాగం త్వరపడుతున్నట్టు కనిపిస్తే టిన్ను మీద అల్యూమినియం ఫాయిల్ వదులుగా కప్పాలి. 16, 19 లీటర్ల చిన్న ఓవెన్లలో ఈ ఖాళీ ఉండదు, కొన్నింటిలో కడ్డీలను విడివిడిగా వెలిగించే నాబ్ కూడా ఉండదు. దుకాణంలో చూడవలసిన మొదటి విషయం ఇదే. 40 లీటర్లు దాటినవి ఒక చిన్న కుటుంబంలో మిగిలిన నాలుగు పండ్ల కోసం వేడెక్కించడానికి మరీ పెద్దవి.

మెచ్చుకోలేనిది థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి కడ్డీలను ఆపి మళ్లీ వెలిగించే భాగం. నాబ్‌ను 180 దగ్గర ఉంచితే నా ఓవెన్ లోపలి వేడి 200 దాటుతుంది, కడ్డీలు ఆరాక 170కి దిగుతుంది, మళ్లీ ఎగబాకుతుంది. ఇలా ఎక్కి దిగడం ఈ తరహా థర్మోస్టాట్ల స్వభావమే అయినా, ఒక్కోసారి ఇరవై డిగ్రీలు దాటి ఎక్కువ ఉండటం తడి పిండికి మంచిది కాదు. ఓవెన్ లోపల జాలీ మీద నిలబెట్టే చిన్న థర్మామీటరు కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. ఓవెన్ కొనదలచినవారు దాని ధరను కూడా కలుపుకునే లెక్క వేసుకోవాలని గట్టిగా చెబుతాను. దాని సాయంతో చూశాక నేను నాబ్‌ను 160 దగ్గరే ఉంచుతున్నాను. వెనుక ఎడమ మూలలో వేడి ఎక్కువ కాబట్టి అరగంట గడిచాక టిన్నును ఒకసారి ముందువెనుకలు మార్చాలి. అంతకు ముందు తలుపు తెరవకూడదు. పొంగుతున్న పిండి మధ్యలో కుంగిపోతుంది.

అరటి విషయానికి వస్తే, మా బజారులో దొరికే రకాల్లో పచ్చ అరటి, చక్రకేళి, కర్పూర అరటి మూడింటినీ ఈ ఓవెన్లో కాల్చి చూశాను. 300 గ్రాముల గుజ్జుకు 200 గ్రాముల గోధుమపిండి, 80 గ్రాముల బెల్లం తురుము, 80 మిల్లీలీటర్ల నూనె, 60 మిల్లీలీటర్ల పెరుగు, ముప్పావు టీస్పూను వంటసోడా, చిటికెడు ఉప్పు, కాస్త ఏలకుల పొడి. ఇది నాకు కుదిరిన కొలత. పచ్చ అరటి అయితే పెద్దవి మూడు పండ్లు సరిపోతాయి, కర్పూర రకం ఐదారు పడతాయి. మైదా కంటే గోధుమపిండి ఇక్కడ మేలు, ఎందుకంటే అందులోని తవుడు గుజ్జులో ఉన్న అదనపు తడిని పీల్చుకుంటుంది. పిండిని గుజ్జులో వేశాక గరిటెతో ఎక్కువసేపు తిప్పకూడదు. పొడి కనిపించకుండా కలిసిందంటే చాలు. ఎక్కువ తిప్పితే గోధుమలోని జిగురు పట్టుకుని కేకు సాగుతుంది. పెరుగులోనూ బెల్లంలోనూ పండులోనూ ఉన్న పులుపుతో సోడా కలిసి బుడగలు విడుస్తుంది కాబట్టి, కలిపిన వెంటనే టిన్నులో పోసి వేడెక్కిన ఓవెన్లో పెట్టాలి. సోడా కొలత మించితే సబ్బు రుచి వస్తుంది, ముక్క రంగు కూడా నల్లబడుతుంది.

మూడింటిలో కర్పూర అరటితో చేసినది అన్నిటికంటే బాగుంది. దానిలో ఉండే సన్నని పులుపు బెల్లం తీపిని అదుపులో ఉంచుతుంది, సోడాకు కూడా సాయపడుతుంది. చక్రకేళి చాలా తియ్యన కనుక బెల్లం 50 గ్రాములకు తగ్గించాలి. అలా చేస్తే అదీ బాగుంటుంది. పచ్చ అరటిది వాసనలో కొంచెం వెనుకబడినా, నెమ్మదైన రుచి కావడం వల్ల పిల్లలు ఇష్టంగా తింటారు. ఇంట్లో పండ్లు ఎక్కువ ఉన్నాయి కదా అని గుజ్జు పెంచడం మాత్రం మంచిది కాదు. 200 గ్రాముల పిండికి 300 గ్రాముల గుజ్జు దాటితే ఎంతసేపు కాల్చినా అడుగున జిగటగా ఒక పొర మిగిలిపోతుంది. మిగిలిన పండ్లను తొక్క తీసి డబ్బాలో పెట్టి ఫ్రీజర్లో ఉంచితే, మరోసారి కాల్చేదాకా ఆగుతాయి. మంచు కరిగాక ఊరిన నీటిని పారబోయకుండా గుజ్జుతో కలిపి కొలవాలి, తీపంతా అందులోకే దిగి ఉంటుంది. ఒక శుక్రవారం తాంబూలపు పండ్లు మరో శుక్రవారానికి కేకు కావచ్చు. అన్నీ ఒకే రోజున వదిలించుకోవాలనే తొందర ఉండదు.

సపోటా గురించి కొంచెం ఎక్కువగానే చెప్పాలి, ఎందుకంటే ఈ ఓవెన్ నుంచి వచ్చిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. సపోటా పచ్చిగా ఉన్నప్పుడు పాలు కారుతుంది, వగరు. పూర్తిగా పండాక ఆ వగరు పోయి, బెల్లం పాకం వాసన వస్తుంది. అయితే పండిన సపోటాకు ఆయుష్షు చాలా తక్కువ, ఒకరోజు ఆలస్యమైతే చేతిలో పట్టుకోగానే చితికిపోతుంది. ఉలవపాడు దగ్గర సాయంకాలం వేళ ఆగితే, మెత్తబడిన వాటిని విడిగా తీసి పెట్టిన అమ్మకందారులు కనిపిస్తారు. "ఇవి రేపటికి ఆగవమ్మా, మీరే ఒక మాట చెప్పి తీసుకోండి" అంటారు. బస్సుల్లో దూరం వెళ్లేవారు వాటిని తీసుకోరు. ఓవెన్ ఉన్న ఇంటికి అవి మేలురకం సరుకు.

సపోటా గుజ్జులో సన్నని రవ లాంటి పలుకు ఉంటుంది, అది కాలాక ముక్కకు మంచి కండను ఇస్తుంది. గింజలు, తొక్క తీసేశాక అరటి కొలతలోనే గుజ్జు తీసుకోవచ్చు. బెల్లం మాత్రం సగానికి తగ్గించాలి. సపోటాలో పులుపు చాలా తక్కువ కాబట్టి పెరుగు తప్పనిసరి, లేదా ఒక టేబుల్ స్పూను నిమ్మరసం వేయాలి. లేకపోతే సోడా పనిచేయక కేకు అణిగిపోతుంది. గూడూరు, పొదలకూరు నిమ్మ మార్కెట్లు ఉన్న మా ప్రాంతంలో నిమ్మకాయకు వెతుక్కోవలసిన పని లేదు. నువ్వులు దోరగా వేయించి పైన చల్లితే ఆ పాకపు వాసనకు చక్కగా కుదురుతాయి. సపోటా పిండి ఈ ఓవెన్ స్వభావానికి బాగా ఒదుగుతుంది. ఫాయిల్ కప్పవలసిన అవసరం కూడా రాదు. మా అత్తగారు బజారు కేకు ముట్టుకోరు, సపోటాది మాత్రం కాఫీతో అడిగి పెట్టించుకుంటారు. "వెన్న లేకపోయినా ఇంత మెత్తగా ఎట్లా వచ్చిందమ్మాయ్" అని ఆవిడ అడిగిన ప్రశ్నకు సమాధానం మిగలపండిన ఆ పండులోనే ఉంది.

మామిడికి వచ్చేసరికి నా ఉత్సాహం తగ్గుతుంది. బంగినపల్లి గుజ్జులో ఐదింట నాలుగు వంతులు నీరే. అదే కొలతలో పిండిలో కలిపితే మధ్యభాగం ఎప్పటికీ ఆరదు. గుజ్జును ముందుగా పొయ్యి మీద సగానికి సగం చిక్కబడేదాకా కలుపుతూ మరిగించాలి. ఆ తర్వాత గోధుమపిండికి బదులు బొంబాయి రవ్వ వాడి, కలిపిన పిండిని అరగంట నాననిచ్చి, సోడాను చివర్లో వేసి కాలిస్తే రంగు, కండ రెండూ బాగానే వస్తాయి. కానీ మామిడిపండును మామిడిపండుగా నిలబెట్టే ఆ సువాసన పొయ్యి మీద కొంత, ఓవెన్లో మరికొంత ఎగిరిపోతుంది. చివరికి దక్కేది తియ్యని పసుపుపచ్చ రవ్వకేకు. తినడానికి బాగుంటుంది, అంత మంచి పండును వెచ్చించినందుకు తగినట్టు ఉండదు. ఎండలు కాసే నెలలో మామిడి మిగిలితే తాండ్రే సరైన దారి అని నా నమ్మకం. మేడమీద ఎండ ఉచితంగా దొరుకుతున్నప్పుడు దాని పనిని కరెంటుతో చేయించడం నాకు నచ్చదు.

వేసవికి సంబంధించి మరో ఇబ్బంది కూడా ఉంది. మే నెల సాయంత్రాల్లో ఏసీలు, కూలర్లు అన్నీ ఒకేసారి నడవడం వల్ల వోల్టేజీ పడిపోతుంది. కడ్డీ ఇచ్చే వేడి వోల్టేజీ వర్గాన్ని (స్క్వేర్‌ను) అనుసరించి తగ్గుతుంది. 230 వోల్టుల చోట 200 మాత్రమే అందితే 1500 వాట్ల ఓవెన్ దాదాపు 1130 వాట్లే ఇస్తుంది. అంటే నాలుగింట ఒక వంతు వేడి పోయినట్టే. ఓవెన్ నెమ్మదిగా వేడెక్కుతుంది, తలుపు తెరిచినప్పుడు దిగిన వేడి తిరిగి అందుకోవడానికి చాలాసేపు పడుతుంది, తడి పిండి పొంగకుండానే గట్టిపడుతుంది. వేసవిలో కాల్చదలిస్తే తెల్లవారుజామునే కాల్చుకోవడం మంచిది. వంటిల్లు కూడా అప్పుడే భరించగలిగేట్టు ఉంటుంది.

మిగిలిన పండ్ల గురించి క్లుప్తంగా చెబుతాను. జామ గుజ్జును జల్లెడ పట్టి గింజలు తీసేస్తే కేకు వాసన చాలా బాగుంటుంది, శ్రమ మాత్రం ఎక్కువ. బొప్పాయికి కాలాక నిలిచే రుచి లేదు. దాన్ని నేతిలో వేయించి హల్వా చేసుకోవడమే మేలు. నల్లమల వైపు నుంచి వచ్చే సీతాఫలాలను మాత్రం ఓవెన్ దగ్గరికి తీసుకురావద్దు. వేడి తగిలితే సీతాఫలం గుజ్జు చేదెక్కుతుంది. మిగిలితే చల్లటి పాలలో కలుపుకోవాలి, లేదా గుజ్జుగా ఫ్రీజర్లో దాచుకోవాలి.

ఆదా చేయాలనే తపనలో ఏది వాడవచ్చో ఏది వాడకూడదో మరచిపోకూడదు. తొక్క నల్లబడటం, గుజ్జు మెత్తబడటం పండడంలో భాగమే. బూజు కనిపించడం, కల్లు వాసన రావడం, నురగతో నీరు కారడం చెడిపోవడం కిందికి వస్తాయి. బూజు పట్టిన మేర కోసేసి మిగతాది కాల్చుకోవచ్చని కొందరు అంటారు, అది సరికాదు. మెత్తటి పండులో బూజు పోగులు కంటికి కనిపించే మేర దాటి లోపలికి పాకి ఉంటాయి, వాటిలో కొన్ని విడిచే విషపదార్థాలు ఓవెన్ వేడికి నశించవు. అటువంటి పండును పశువులకు కూడా వేయకుండా ఎరువు గుంతలో వేయాలి. కాల్షియం కార్బైడుతో మగ్గించిన పండ్లు మరో సమస్య. పండ్లను మగ్గించడానికి కార్బైడు వాడటాన్ని ఆహార భద్రతా నిబంధనలు నిషేధించాయి, ఎథిలీన్ వాయువును పరిమితికి లోబడి అనుమతించాయి. అయినా అటువంటి కాయలు బజారులో పూర్తిగా కనుమరుగు కాలేదు. పైన పసుపు తిరిగి లోపల తీపి ఎక్కని కాయకు మచ్చలు పడ్డా అది మిగలపండినది కాదు. దానితో చేసిన కేకు చప్పగా వస్తే ఓవెన్‌ను తప్పుపట్టలేం.

ఓవెన్ లేకుండా ఈ పని జరగదా అంటే జరుగుతుంది. ప్రెషర్ కుక్కర్లో అడుగున ఉప్పు పరిచి, గాస్కెట్, వెయిట్ తీసేసి, స్టాండు మీద గిన్నె పెట్టి సన్నమంట మీద అరటి కేకు చేసే ఇళ్లు చాలా ఉన్నాయి. కేకు లోపల బాగానే ఉడుకుతుంది. పైన రంగు రాదు, ఆవిరి లోపలే తిరగడం వల్ల పైభాగం కొంచెం తడిగా ఉంటుంది. ఏడాదికి నాలుగైదుసార్లు మాత్రమే పండ్లు మిగిలే ఇంటికి అది చాలు, వేల రూపాయలు పెట్టి మరో పరికరం తెచ్చుకోనక్కరలేదు. శ్రావణం నుంచి కార్తీకం దాకా వారం వారం పండ్లు పేరుకునే ఉమ్మడి కుటుంబానికైతే ఓటీజీ గిట్టుబాటవుతుంది. పొడవాటి టిన్నులు రెండు పక్కపక్కన పెట్టి ఒకే వేడి మీద కాల్చుకోవచ్చు, ఒకటి పక్కింటికి పంపవచ్చు. కరెంటు ఖర్చు భయపడేంత ఉండదు. గంటసేపు కడ్డీలు ఆగకుండా వెలిగినా ఒకటిన్నర యూనిట్లు. మధ్యమధ్య థర్మోస్టాట్ ఆపుతుంది కనుక అంతకంటే తక్కువే అవుతుంది. ప్లగ్ విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు. పాత ఇళ్ల వంటగదుల్లో ఉండే చిన్న సాకెట్లు దానికి సరిపోవు. 16 ఆంపియర్ల పవర్ ప్లగ్ లేకపోతే ముందు దాన్ని వేయించాకే ఓవెన్ తెచ్చుకోవాలి.

పండ్ల కేకు తడి కేకు కాబట్టి మా తీరపు గాలిలో రెండో రోజు దాటితే బయట ఉంచకూడదు. పూర్తిగా చల్లారాక కోసి, మూతడబ్బాలో ఫ్రిజ్‌లో పెడితే ఐదారు రోజులు బాగుంటుంది. వేడిగా ఉన్నప్పుడే డబ్బాలో పెట్టి మూత బిగిస్తే లోపల నీరు చేరి తొందరగా బూజు వస్తుంది. పండ్లను కాపాడి కేకును పారేసినట్టవుతుంది. కాలుతున్నప్పుడు ఈ పిండి నుంచి ఆవిరి చాలా వస్తుంది, తలుపు అద్దం మీద నీరు పట్టి అంచు నుంచి బొట్లుగా కారుతుంది. ఓవెన్ ముందు పొడిబట్ట వేసుకోవాలి. టిన్ను అంచు దాటి పొంగిన గుజ్జు కింది కడ్డీల మీద పడితే పాకమై అంటుకుంటుంది కనుక టిన్నును మూడింట రెండు వంతులకు మించి నింపవద్దు. అడుగున ఉండే, రాలిన పొడిని పట్టే ట్రేను ప్రతిసారీ బయటికి లాగి తుడవాలి. నా ఓవెన్లో ఆ ట్రే అంచులు పదునుగా ఉన్నాయి, చెయ్యి జాగ్రత్త.

అమ్మకం తర్వాత సేవ విషయంలో నా అనుభవం తృప్తికరంగా లేదు. వారంటీ గడువులోనే టైమర్ స్ప్రింగు పట్టేసి నాబ్ తిరగడం మానేసింది. మేముండే కావలిలో ఆ కంపెనీకి సేవాకేంద్రం లేదు. ఇంటికి మనిషిని పంపుతామని ఫోన్లో చెప్పారు కానీ ఎవరూ రాలేదు, చివరికి ఓవెన్‌ను నెల్లూరు తీసుకెళ్లి ఇచ్చి, మళ్లీ వెళ్లి తెచ్చుకోవలసి వచ్చింది. భాగం ఉచితంగానే మార్చారు, రానూపోనూ ఖర్చు మాత్రం మాదే. చిన్న పట్టణాల్లో ఉండేవారు ఆన్‌లైన్లో రెండు మూడు వందలు తగ్గుతుందని చూడకుండా, సేవాకేంద్రం ఉన్న ఊరి దుకాణంలో కొనడమే మంచిదని దీన్నిబట్టి చెబుతున్నాను. కొనేటప్పుడు దుకాణంలోనే ప్లగ్ పెట్టించి, పై కడ్డీలు, కింది కడ్డీలు విడివిడిగా ఎర్రబడుతున్నాయో లేదో చూడండి. తలుపు మూశాక నాలుగు అంచుల వెంట ఎక్కడైనా సందు ఉందేమో గమనించండి. వారంటీ కార్డు మీద తేదీతో ముద్ర వేయించుకున్నాకే డబ్బు చెల్లించండి.